సీడెడ్ అంటే ఏంటి? యుద్ధం శ్రీరంగపట్నంలో, బిల్లు సీమకు

కొత్త సినిమా రిలీజైన మర్నాడు మీ ఫోన్‌కి ఒక పోస్టర్ వచ్చి తీరుతుంది. నైజాం ఇన్ని కోట్లు, సీడెడ్ ఇన్ని కోట్లు, ఉత్తరాంధ్ర ఇన్ని కోట్లు. మన హీరో సినిమా అయితే షేర్ కూడా చేస్తాం. నేనూ చేశాను. నాది గుత్తి దగ్గర ఊరు. అంటే కలెక్షన్ల లెక్కలో నేను సీడెడ్.

హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉన్నప్పుడు రూమ్మేట్ ఒకడు అడిగాడు. "నైజాం అంటే నిజాం ఏలిన ఏరియా. మరి సీడెడ్ ఏంట్రా, విత్తనాలు పండే ఏరియానా?" అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. కానీ నిజంగా నా దగ్గర జవాబు లేదు. పుట్టి పెరిగిన నేలకు ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు తెలియదు. ఆ రోజు మొదలుపెట్టిన వెతుకులాటే ఈ ఎపిసోడ్.

జవాబు చాలా చిన్నది. సీడెడ్ అంటే "ఇచ్చేసినది". పాత తెలుగు పుస్తకాల్లో "దత్త మండలాలు" అని రాసేవాళ్ళు. దత్తత అంటాం కదా, ఆ దత్తమే. ఒకరు ఇంకొకరికి రాసిచ్చిన జిల్లాలు. అసలు కథ తర్వాతి ప్రశ్నల్లో ఉంది. ఎవరు ఇచ్చారు? ఎవరికిచ్చారు? దేనికి ఇచ్చారు?

దీనికి జవాబు తెలియాలంటే యుద్ధాలు ఎలా మొదలయ్యాయో కాదు, ఎలా ముగిశాయో చూడాలి. మనకు స్కూల్లో యుద్ధాలు నేర్పిస్తారు. ఎవరు గెలిచారు, ఏ సంవత్సరం, అంతే. చివర్లో "సంధితో యుద్ధం ముగిసింది" అని ఒక్క లైను. ఒక్క మార్కు ప్రశ్న. మన ఊళ్ళ తలరాత మారింది మాత్రం ఆ ఒక్క లైనులోనే.

ముందు ఒక తేడా చెప్పుకుందాం. న్యూస్‌లో సీజ్‌ఫైర్ అనే మాట వింటుంటాం. యుద్ధ విరామం. అంటే తుపాకులు ఆగాయి, అంతవరకే. గొడవ తీరలేదు. శాంతి ఒప్పందం, అంటే సంధి, వేరు. అందులో ఎవరు ఏ భూమి వదులుకోవాలి, ఎంత డబ్బు కట్టాలి, బందీలను ఎప్పుడు వదలాలి అన్నీ రాసుకుంటారు. విరామం యుద్ధాన్ని ఆపుతుంది. సంధి దాని ఖర్చు ఎవరు కట్టాలో తేలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మైసూరు వెళ్దాం. 1767 నుంచి 1799 దాకా మైసూరుకీ ఈస్టిండియా కంపెనీకీ నాలుగు యుద్ధాలు జరిగాయి. మన పెద్దలు కుంపిణీ అనేవాళ్ళు చూడండి, ఆ కంపెనీయే. నాలుగు యుద్ధాలూ నాలుగు రకాలుగా ముగిశాయి. వింత ఏంటంటే, ఒకదాన్ని ముగించిన తీరులోనే తర్వాతి దానికి విత్తనం పడింది. మా రూమ్మేట్ చెప్పిన విత్తనం ఇక్కడ మాత్రం కరెక్టే.

మొదటిది. 1769లో హైదర్ అలీ తన గుర్రపు దళంతో ఎవరూ ఊహించని వేగంతో మద్రాసు పక్కనున్న సెయింట్ థామస్ మౌంట్ దాకా వచ్చేశాడు. కంపెనీ వాళ్ళకు చెమటలు పట్టాయి. సంధి కుదిరింది. ఎవరి భూములు వాళ్ళకి తిరిగిస్తారు. ఇంకో షరతు కూడా ఉంది: మనలో ఎవరి మీద ఎవరు దాడి చేసినా రెండోవాళ్ళు సాయానికి రావాలి. ఆ మరుసటి ఏడాదే మరాఠాలు మైసూరు మీద పడ్డారు. హైదర్ కంపెనీకి కబురు పెట్టాడు. కంపెనీ రాలేదు. సంధి కాగితం మీదే ఉండిపోయింది. హైదర్ దాన్ని మర్చిపోలేదు. 1780లో రెండో యుద్ధం మొదలవడానికి ఉన్న కారణాల్లో ఆ మాట తప్పడం ఒకటి.

రెండోది ఇంకా విచిత్రంగా ముగిసింది. యుద్ధం నడుమలోనే, 1782లో హైదర్ చనిపోయాడు. కొడుకు టిప్పు అందుకున్నాడు. టిప్పు వైపు ఫ్రెంచివాళ్ళు ఉన్నారు. మంగళూరు కోటను చుట్టుముట్టి ఉన్నారు. ఇంతలో యూరప్ నుంచి ఓడలో కబురొచ్చింది, అక్కడ ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజీ పడ్డాయని. అంతే, ఫ్రెంచి సైనికులు పక్కకు తప్పుకున్నారు. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో పెట్టిన సంతకం మంగళూరులో ఫ్రెంచి సైన్యాన్ని ఆపేసింది. చివరికి 1784 మార్చి 11న మంగళూరు సంధి జరిగింది. ఇక్కడా అంతే, ఎవరు గెలుచుకున్నవి వాళ్ళు తిరిగిచ్చేయాలి. ఎవరూ ఓడలేదు, ఎవరూ గెలవలేదు. వినడానికి బాగుంది కదా? కానీ రెండు వైపులా "ఈసారి చూసుకుందాం" అనే కసి మిగిలింది.

ఇప్పుడు మూడో యుద్ధం. మన కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది.

1789 చివర్లో టిప్పు తిరువాన్కూరు మీద దాడి చేశాడు. తిరువాన్కూరు రాజు కంపెనీకి మిత్రుడు. కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్. ఈయన ఎవరో తెలుసా? 1781లో అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర జార్జ్ వాషింగ్టన్ ముందు ఓడిపోయిన జనరల్. ఇక్కడ ఇంకోసారి ఓడిపోవడానికి సిద్ధంగా లేడు. 1790లో ఇటు నిజాంని, అటు మరాఠాలని కలుపుకున్నాడు. ముగ్గురూ ముందే రాసుకున్నారు, గెలిచిన భూమిని సమానంగా పంచుకుందామని. అంటే యుద్ధం ఇంకా జోరందుకోకముందే పంపకం అయిపోయింది.

అప్పట్లో కడప ప్రాంతం ఎవరిది? 1779 దాకా కడప నవాబులది. ఆ ఏడాది హైదర్ దాన్ని తీసుకున్నాడు. గుత్తి అంతకుముందు మరాఠా సర్దారు మురారి రావుది. హైదర్ చాలా నెలలు ముట్టడి చేసి దాన్ని కూడా లాక్కున్నాడు. కాబట్టి 1790 నాటికి ఇవన్నీ టిప్పు చేతిలో ఉన్నాయి. యుద్ధంలో ఇవి టిప్పు గుమ్మం అనుకోండి. గుమ్మం ముందు తొక్కేది ఎవరినైనా, ముందు అరిగేది గుమ్మమే.

1791లో కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వచ్చి కూడా వెనక్కి తిరగాల్సి వచ్చింది. తిండి లేదు, బండ్లు లాగే ఎద్దులు చచ్చిపోయాయి. పెద్ద ఫిరంగుల్ని తనే పగలగొట్టించి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన సైన్యాన్ని నిలబెట్టిన వాళ్ళలో లంబాడీలు ఉన్నారు. వేల ఎద్దుల మీద ధాన్యం మోసుకొచ్చి సైన్యాలకు అమ్మేవాళ్ళు. అదే సమయంలో దక్కనులో భయంకరమైన కరువు. 1791-92 కరువుని పుర్రెల కరువు అంటారు. దహనం చేసే దిక్కులేక ఎముకలు నేల మీదే మిగిలిపోయాయి కాబట్టి ఆ పేరు. ఒక పక్క జనం తిండి లేక పోతున్నారు, ఇంకో పక్క సైన్యాలకు ధాన్యం బండ్లు వెళ్తున్నాయి.

1792 ఫిబ్రవరిలో శ్రీరంగపట్నం ముట్టడి మళ్ళీ మొదలైంది. ఈసారి టిప్పుకి దారి లేదు. నెలాఖరుకి విరామం ఒప్పుకున్నాడు. తుపాకులు ఆగాయి. షరతులు వినండి. రాజ్యంలో సగం ఇచ్చేయాలి. 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టాలి, సగం వెంటనే, మిగతాది వాయిదాల మీద. హైదర్ కాలం నుంచి ఉన్న బందీలందర్నీ వదలాలి. ఇవన్నీ జరిగేదాకా ఇద్దరు కొడుకుల్ని తాకట్టు పెట్టాలి.

తాకట్టు అని ఊరికే అనలేదు. అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్ అని ఇద్దరు చిన్నపిల్లలు. ఫిబ్రవరి 26న ఏనుగుల మీద కోట దాటి కారన్‌వాలిస్ గుడారానికి వచ్చారు. ఆయన వాళ్ళని చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడే ఉన్న రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు ఆ సీన్‌ని బొమ్మ గీశాడు. లండన్‌లో ఇలాంటి బొమ్మలకి పెద్ద గిరాకీ. దయగల తండ్రిలా కారన్‌వాలిస్, ముద్దుగా పిల్లలు. ఆ బొమ్మ చూస్తే శాంతి ఎంత అందంగా ఉందో అనిపిస్తుంది. నిజానికి అది ఈఎంఐకి పెట్టిన ష్యూరిటీ. డబ్బు మొత్తం కట్టాక, 1794లో పిల్లలు తండ్రి దగ్గరికి చేరారు.

విరామానికీ సంధికీ మధ్య మూడు వారాలు పట్టింది. ఎందుకు? సగం రాజ్యం అన్నారు కదా, ఏ సగం? గుడారంలో కూర్చున్న వకీళ్ళ ముందు శిస్తు లెక్కలు పెట్టారు. ఏ తాలూకాకి ఏడాదికి ఎన్ని వరహాలు వస్తాయి? టిప్పు మనుషులు ఒక లెక్క చెప్తారు, వీళ్ళు ఇంకో లెక్క చెప్తారు. కొడగు కూడా కావాలని కంపెనీ అడిగేసరికి టిప్పుకి కోపం వచ్చింది. అది కంపెనీ సరిహద్దులో లేదు కదా అన్నాడు. మళ్ళీ ఫిరంగులు సిద్ధం చేశారు. యుద్ధం తిరిగి మొదలవుతుందేమో అనుకున్నారు. చివరికి టిప్పు తలవంచాడు. మార్చి 18న సంతకాలు పూర్తయ్యాయి.

ఆ సంధికి ఒక జాబితా జత చేశారు. తాలూకాల పేర్లు, పక్కన వరహాలు. నేను ఆ జాబితా చదువుతున్నప్పుడు కాసేపు ఆగిపోయాను. మా వైపు పేర్లు. మనం పెళ్ళికి, తిరునాళ్ళకి వెళ్ళే ఊళ్ళు. పక్కన ఒక అంకె. అక్కడ ఎంతమంది ఉన్నారు, ఆ ఏడు వాన పడిందా, కరువులో ఎవరు మిగిలారు, అవేవీ లేవు. మనకది ఊరు, ఆ టేబుల్ మీద అదొక అంకె.

కడప వైపు ప్రాంతం నిజాం వాటాకి వచ్చింది. కథ ఇక్కడ అయిపోవాలి కదా? అలా అయితే ఈరోజు సినిమా పోస్టర్లో మనం కూడా నైజాం అయ్యేవాళ్ళం. కాలేదు. ఎందుకో చూద్దాం.

ఇప్పుడు హైదరాబాద్ రండి. నిజాం అలీ ఖాన్, రెండో అసఫ్ జా. మైసూరు యుద్ధంలో గెలిచిన పక్షం ఆయనది. కానీ 1795లో పాత స్నేహితులు మరాఠాలే ఆయన మీదకొచ్చారు. ఖర్దా దగ్గర యుద్ధం. సాయం చేయమని కంపెనీని అడిగితే, ఇందులో మేం తలదూర్చం అన్నారు. అప్పుడు హైదర్‌కి జరిగినదే 1795లో నిజాంకి జరిగింది. ఓడిపోయాడు. మళ్ళీ సంధి, మళ్ళీ భూములు, మళ్ళీ 3 కోట్లు. తాకట్టు కూడా ఉంది. ఈసారి పిల్లలు కాదు, నిజాం ప్రధానమంత్రే పుణెకి బందీగా వెళ్ళాడు.

కాలిన నిజాం ఫ్రెంచి అధికారి రేమండ్ కింద పెద్ద దళాన్ని పెంచుకున్నాడు. హైదరాబాద్‌లో మూసారాంబాగ్ ఉంది కదా, ఆ పేరు మూస్యూ రేమండ్ నుంచే వచ్చిందంటారు. 1798లో రేమండ్ పోయాడు. అదే ఏడాది కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దిగాడు. నిజాంతో సైన్య సహకార ఒప్పందం రాయించాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. బదులుగా కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో ఉంటుంది. దాని ఖర్చు ఏటా సుమారు 24 లక్షలు నిజాం కట్టాలి. మన భాషలో చెప్పాలంటే సెక్యూరిటీ సబ్‌స్క్రిప్షన్. ఆపడం మాత్రం మన చేతుల్లో ఉండదు.

మరి టిప్పు? సగం రాజ్యం పోయినవాడు ఊరుకుంటాడా? ఫ్రెంచివాళ్ళ సాయం కోసం మారిషస్‌కి మనుషుల్ని పంపాడు. వెల్లెస్లీకి కావలసిన సాకు దొరికింది. నాలుగో యుద్ధం వచ్చింది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు కోటలోనే పోరాడుతూ చనిపోయాడు. ఈసారి టిప్పుతో సంధి లేదు, సంధికి టిప్పే లేడు. గెలిచినవాళ్ళే కూర్చుని పంచుకున్నారు. ఒడయార్ వంశంలో ఐదేళ్ళ పిల్లవాడిని చిన్నదైపోయిన మైసూరు గద్దె మీద కూర్చోబెట్టారు. గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు నిజాంకి ఇచ్చారు.

మా గుత్తి నిజాం కిందకి వచ్చింది. ఎన్నాళ్ళు? ఏడాదిన్నర కూడా కాదు.

1800 అక్టోబర్ 12న కంపెనీతో నిజాం మరో సంధి చేసుకున్నాడు. మరాఠాల భయం ఇంకా ఉంది. సైన్యం పెంచండి అన్నాడు. పెంచుతాం, కానీ నెలనెలా డబ్బు ఆలస్యమైతే మాకు ఇబ్బంది, ఒకేసారి భూమి ఇచ్చేయండి అన్నారు. ఏ భూమి? 1792లో, 1799లో మైసూరు నుంచి మీకు వచ్చిందంతా. శాశ్వతంగా.

నిజాం సంతకం పెట్టాడు. కంపెనీ పక్కన నిలబడి యుద్ధం చేసినందుకు వచ్చిన భూమి, కంపెనీ సైన్యానికి జీతంగా కంపెనీకే వెళ్ళిపోయింది. ఇదీ సీడెడ్. నేటి కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలు జిల్లాలో కొంత, మదనపల్లె వైపు, కంభం వైపు. కర్నూలు నవాబు మాత్రం కప్పం కడుతూ 1839 దాకా మిగిలాడు.

కడపలో 1770లో పుట్టిన ఒక రైతుని ఊహించుకోండి. పుట్టింది నవాబు ఏలుబడిలో. పిల్లవాడిగా ఉండగా హైదర్ వచ్చాడు. తర్వాత టిప్పు. 22 ఏళ్ళకి నిజాం. 30 ఏళ్ళకి కుంపిణీ. ఊరు దాటకుండానే ఐదుగురు దొరల్ని చూశాడు. ఒక్కరైనా అతన్ని అడిగారా? అడగలేదు. శిస్తు మాత్రం ఐదుగురూ అడిగారు.

తర్వాత ఏమైంది? థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. అప్పటికి ఇక్కడ సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉన్నారు. కోటలు, సొంత మనుషులు, సొంత వసూళ్ళు. పైన రాజు ఎవరైనా కింద ఊరిని నడిపేది వాళ్ళే. వాళ్ళు మంచివాళ్ళని నేను చెప్పట్లేదు, జనాన్ని పిండినవాళ్ళు కూడా ఉన్నారు. మన్రో వాళ్ళ అధికారం తీసేసి చాలామందికి పింఛను ఇచ్చాడు. పొలాలన్నీ కొలిపించి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం పెట్టాడు. అదే రైత్వారీ. అయితే వేసిన శిస్తు ఎక్కువని చివరికి మన్రోకే అనిపించింది. 1807లో వెళ్ళిపోతూ 25 శాతం తగ్గించమని రాశాడు. వెంటనే తగ్గించలేదు. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్య ఏళ్ళు రైతులు ఎలా గడిపారో అది వాళ్ళకే తెలియాలి.

పింఛను అన్నాను కదా. 1846లో ఆ పింఛను గొడవే ఒక తిరుగుబాటు అయింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 'సైరా' సినిమా చూసి ఉంటారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. సినిమాలో కత్తులు చూశాం. దాని వెనక 1800 నాటి ఒక సంతకం ఉంది. శ్రీరంగపట్నంలో ఆగిన తుపాకులు 50 ఏళ్ళ తర్వాత కోయిలకుంట్లలో పేలాయి.

ఇంకో సంగతి. మనల్ని "ఇచ్చేసిన జిల్లాలు" అని పిలవడం మనవాళ్ళకి కూడా నచ్చలేదు. 1928లో నంద్యాలలో సభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు ఒక కొత్త పేరు చెప్పారు. రాయలసీమ. ఇచ్చేసిన భూమి కాదు, రాయలు ఏలిన సీమ. ఒక సంధి పెట్టిన పేరు తీసేయడానికి 128 ఏళ్ళు పట్టింది. సినిమా పోస్టర్లో అయితే ఇంకా పోలేదు.

టేబుల్ దగ్గర లేనివాళ్ళ మాట ఎక్కడా లేదా? ఉంది. ఆ మైసూరు యుద్ధాల్లో ఇంజినీరుగా పనిచేసిన కాలిన్ మెకంజీ, తర్వాత దత్త మండలాల్లో ఊరూరా మనుషుల్ని పంపి కథలు రాయించాడు. కైఫీయత్తులు అంటారు. ఫలానా దొర వచ్చాడు, ఫలానా చెరువు తెగింది, ఫలానా గుడికి మాన్యం పోయింది. కడప జిల్లావి కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పుస్తకాలుగా వేసింది. మీది ఆ జిల్లా అయితే మీ ఊరు అందులో ఉందేమో చూడండి. సంధిలో అంకెగా ఉన్నది అక్కడ ఊరుగా కనిపిస్తుంది.

మరి ఈ సంధుల కంటే యుద్ధమే నయమా? కాదు. విరామం వచ్చిన రోజు కొన్ని వేల మంది బతికిపోయారు, అది చిన్న విషయం కాదు. చెడ్డ సంధి కూడా ఆ రోజుకి ప్రాణం కాపాడుతుంది. నేను అడిగేది ఒక్కటే. ఈసారి ఎక్కడైనా సీజ్‌ఫైర్ అని, శాంతి ఒప్పందం అని న్యూస్ వస్తే, చేతులు కలిపిన ఫొటో దగ్గర ఆగిపోకండి. కారన్‌వాలిస్ పిల్లల చేయి పట్టుకున్న బొమ్మ గుర్తు తెచ్చుకోండి. సంతకం ఎవరు పెట్టారు, బిల్లు ఎవరు కడుతున్నారు అని చూడండి. ఆ ఇద్దరూ ఒక్కరే కాకపోతే, ఆ యుద్ధం ఇంకా పూర్తిగా ముగియలేదన్నమాట.

మా రూమ్మేట్‌కి ఈమధ్యే ఫోన్ చేసి చెప్పాను, సీడెడ్ అంటే ఏంటో. అంతా విని, "అంటే మీరు నైజాంకి బాకీ కింద పోయారా?" అన్నాడు. అవునన్నాను. ఈసారి మాత్రం ఇద్దరం నవ్వలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.